పాట ఆగే చోటు

త్రాషిగాంగ్, భూటాన్
23 ఫిబ్రవరి 2025

మామకు లీల నమస్కారాలు.

క్షేమంగా చేరాను. గువాహటి దాకా రైలు, అక్కడి నుంచి సరిహద్దు దాటి కొండల మీద ఒక పగలంతా బస్సు. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కి దిగినదాన్ని, నాకేం తల తిరుగుతుంది అని బడాయి పోయాను. మూడో గంటకే కిటికీ పక్క సీటు అడిగి తీసుకున్నాను. ఇంతకంటే వివరం వద్దులే.

బడి కొండ నడుముకు ఉంది. తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెప్పాలి. చాలాకాలం లోకానికి తలుపు మూసుకుని బతికిన దేశం ఇది. 1999 దాకా టీవీ కూడా లేదట. ఇక్కడివాళ్ళకు తిరుపతి ఎక్కడో తెలియదు, నగరి సంగతి సరేసరి. "చెన్నైకి దగ్గర" అని చెప్పి బయటపడుతున్నాను.

రోజూ పొద్దున పిల్లలంతా బడి ముందు వరసల్లో నిలబడతారు. మగపిల్లలు మోకాళ్ళ దాకా వచ్చే అంగీ, ఆడపిల్లలు పాదాల దాకా చుట్టుకునే నేతబట్ట. జెండా ఎక్కుతుంది, జాతీయ గీతం పాడతారు. మనదానిలా అడుగు వేయించే పాట కాదు, బిడ్డను ఊయలలో ఊపినట్టు నింపాదిగా సాగుతుంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ నిలబడి వింటుంటే నువ్వే కళ్ళముందు ఉన్నావు. నేతపనివాళ్ళ సంఘం ముందర జెండా కింద నువ్వు గొంతెత్తుతుంటే అత్త పక్కన నిలబడి ఎన్నేళ్ళు విన్నాను!

అదే అడుగుదామని. నువ్వు సంఘం వైపే పోవడం లేదని అత్త ఫోన్‌లో చెప్పింది. ఎందుకు మామా? ఆగస్టు పదిహేనుకు పాట ఎవరు ఎత్తుకుంటారు? ఫోన్ నీ చేతికిస్తే "బాగుండావా, సరే, పెట్టేస్తాండా" అని మూడు ముక్కల్లో తేల్చేస్తావు కాబట్టి ఉత్తరం రాశాను. జవాబు రాయి.

నీ చేతుల్లో పెరిగిన
లీల

నగరి
16 మార్చి 2025

చిరంజీవి లీలావతికి మామ దీవెనలు.

నీ ఉత్తరం ఇరవై రోజులకు వచ్చింది. పోస్టుమాన్ స్టాంపు మీది బొమ్మను పావుగంట చూశాడు. "ఏ దేశం కోదండన్నా ఇది? బొమ్మ భలే ఉండాదే" అన్నాడు. స్టాంపు చించి ఇమ్మని అడుగుతాడేమోనని గబుక్కున ఉత్తరం లాక్కున్నాను.

వాళ్ళ పాట సంగతి ఇంకొంచెం రాయి. ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, అర్థమేమిటి? మన పాటకు బాణీ మన పాత జిల్లాలోనే, మదనపల్లె కాలేజీలో కుదిరిందని చెబుతారు కదా. వయసులో ఉన్నప్పుడు నేను, పక్క మగ్గం మునస్వామి పనిగట్టుకుని బస్సెక్కి పోయి ఆ కాలేజీ గేటు చూసి వచ్చాం. లోపలికి పోవడానికి సిగ్గేసింది. లుంగీల మీద పోయాం మరి. నగరిలో సగం మందికి అరవం, సగం మందికి తెలుగు. ఆ పాట రెండూ కాదు. అయినా నలభై ఏళ్ళు పాడాం. అర్థం తెలియని పాటను కూడా ప్రేమగా పాడవచ్చు.

నేను ఇక పాడను. గొంతు బాగాలేదు. సంఘం కార్యదర్శి రవిచంద్రకు చెప్పేశాను. కుర్రవాళ్ళు చూసుకుంటారు. దీని గురించి మళ్ళీ అడగవద్దు.

చలికి చెవులు కప్పుకో. మీ అత్త గోంగూర పచ్చడి పంపుతానంటోంది, దారిలో ఎవరు తింటారో తెలియదు.

మామ
కోదండం

త్రాషిగాంగ్
6 ఏప్రిల్ 2025

మామకు,

గొంతు బాగాలేదని ఇంత తేలిగ్గా రాస్తావా? ఉత్తరం అందిన సాయంత్రమే అత్తకు ఫోన్ చేశాను, నిన్ను తిరుపతిలో డాక్టరుకు చూపించమని. కోప్పడకు. అంతదాకా మిరియాల పాలు తాగు.

పాట సంగతి అడిగావు. ఇక్కడి జోంఖా భాష మాస్టారిని పట్టుకుని అడిగాను, లైబ్రరీలోనూ వెతికాను. 1953లో కట్టారట. చదువుకు మన దేశం వచ్చి, తిరిగి వెళ్ళి సైన్యం బ్యాండుకు పెద్ద అయిన ఒకాయన, ఒక పాత జానపద వరసను ఆధారం చేసుకుని బాణీ కట్టాడని చెబుతారు. మొదట పన్నెండు పాదాలుండేవి, పదేళ్ళ తర్వాత ఆరుకు కుదించారు. అర్థం చెబుతాను విను: పెద్ద చెట్లు అలంకరించిన దేశం ఇది. ధర్మాన్నీ పరిపాలననూ రెంటినీ కాచే రాజు చల్లగా ఉండాలి. జనమందరి మీదా సుఖశాంతుల సూర్యుడు ప్రకాశించాలి. అంతే. ఎవరినీ గెలవమనదు, ఎవరినీ బెదిరించదు. నాకు నచ్చింది. ఇంకో సంగతి, జానపదం నుంచి వచ్చింది కాబట్టి మొదట్లో ఈ పాటకు అడుగులు కూడా ఉండేవట! జాతీయ గీతానికి ఆట! ఇప్పుడు మాత్రం అందరూ కదలకుండా నిలబడే పాడతారు.

నా తరగతిలో దేచెన్ అని ఒక అమ్మాయి ఉంది. పాట అందరికీ అయిపోయాక కూడా ఆ పిల్ల పెదవులు కదులుతూనే ఉంటాయి. పక్కవాళ్ళు నవ్వుతారు. కావాలని వేళాకోళం చేస్తోందని మూడేళ్ళుగా టీచర్లు తిడుతున్నారట. నేను వారం రోజులు గమనించాను. ఆ పిల్ల కళ్ళు జెండా మీద ఉండవు, ఎదుటివాళ్ళ నోళ్ళ మీద ఉంటాయి. మన షెడ్డులో మరమగ్గాల రొదకు మాట వినబడక మనుషులు అలాగే చూస్తారు కదా! ఆ పిల్లకు వినబడదు మామా. ఎవరికీ తెలియదు. ఆ పిల్ల కూడా చెప్పుకోలేదు, సిగ్గు.

నువ్వు నాకు ఒక సాయం చేయాలి. వినబడని మనిషి పాటలో అందరితో కలిసి మొదలుపెట్టి, కలిసి ఆగాలంటే ఏం చేయాలి? నీకు తెలియకపోతే ఇంకెవరికీ తెలియదు.

లీల

నగరి
27 ఏప్రిల్ 2025

లీలావతికి,

ఎవరు చెప్పారు నీకు? మీ అత్తా? స్టెల్లా టీచరా? ఎవరైతేనేం, కథ బాగా అల్లావు. అందరూ ముగించాక కూడా పెదవులు కదిలించే పిల్ల! పక్కవాళ్ళు నవ్వారా! పైగా "నీకు తెలియకపోతే ఇంకెవరికీ తెలియదు" అని ఒక పోటు. ముఖాన అడిగి ఉంటే ముఖానే చెప్పేవాణ్ణి.

అయితే విను. జనవరి ఇరవై ఆరున స్టెల్లా టీచర్ మొదటిసారి తన బడిపిల్లల్ని సంఘం దగ్గరికి తీసుకొచ్చింది. రవిచంద్ర కొత్తగా స్పీకరులో పాట పెట్టించాడు. నేను ఎప్పటిలాగే అందరికంటే ముందు జెండాకు ఎదురుగా నిలబడి పాట ఎత్తుకున్నాను. పాడుతుంటే ఎదుట పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ముక్కు చీదే పిల్ల ఎవరో ఉందనుకుని పాడుతూనే ఉన్నాను. చివరికి స్టెల్లా టీచర్ వచ్చి నా భుజం తట్టి, "పాట అయిపోయి శానా సేపయింది పెద్దాయనా" అంది. నెమ్మదిగా, పెదవులు బాగా కదిలించి అంది. మంచి మనిషి. కానీ ఆ మంచితనం చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది. నలభై ఏళ్ళ పాట లీలా, పిల్లలకు నవ్వులాట అయింది. వెనక్కి తిరిగి ఎవరి ముఖమూ చూడకుండా ఇంటికొచ్చాను.

ఇక సంఘం గడప తొక్కను. నువ్వు ఇలాంటి ఉత్తరాలు రాయవద్దు.

కోదండం

త్రాషిగాంగ్
17 మే 2025

మామా,

నీ ఉత్తరం చదివి తరగతికి పోలేకపోయాను.

అమ్మ మీద ఒట్టు. నాకు ఎవరూ చెప్పలేదు. అత్త కూడా నువ్వు సంఘానికి పోవడం లేదని మాత్రమే అంది, ఆ రోజు ఆమె సంఘం దగ్గర లేదు కదా, ఎందుకో ఆమెకూ తెలియదు. నీకు జరిగింది నీ ఉత్తరంలోనే మొదటిసారి చదివాను. దేచెన్ నిజం. ఫోటో పంపుతున్నాను, ముందు వరసలో ఎడమ నుంచి రెండో పిల్ల. మొంగార్‌లోని ఆస్పత్రికి తీసుకుపోయి చూపించాం. చిన్నప్పుడు చెవుల్లో చీము పట్టిందట. కుడి చెవి దాదాపు పోయింది, ఎడమది కొంచెం ఉంది. వాళ్ళమ్మ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "మొండిపిల్ల అని నేనూ కొట్టాను" అంది.

ఆమె నాకు కృతజ్ఞతలు చెబుతుంటే నాకు సిగ్గేసింది. అవి నాకు చెందేవి కావు, నీవి. బడిలో ఇరవై మంది టీచర్లున్నారు. నాకు మాత్రమే ఎందుకు తెలిసింది? అమ్మ పోయాక నేను నీ షెడ్డులో పెరిగాను కాబట్టి. మగ్గాల రొదలో నువ్వు ఆ చివర, నేను ఈ చివర నూలు బుట్ట మీద. పదమూడో ఎక్కం నాకు నీ పెదవుల మీదే వచ్చింది. తప్పు చెబితే తల అడ్డంగా ఊపేవాడివి, ఒప్పయితే కనుబొమ ఎగరేసేవాడివి. ఆ కనుబొమ కోసం ఎక్కాలన్నీ నేర్చుకున్నాను. ఈరోజు దేశం కాని దేశంలో లెక్కల టీచరుగా అన్నం తింటున్నానంటే ఆ షెడ్డు పెట్టిన భిక్ష. ఇన్నేళ్ళలో ఈ మాట నీకు ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పకుండానే తెలుస్తుందనుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను.

నన్ను తిట్టు, ఫరవాలేదు. ఆ పిల్లకు మాత్రం జవాబు చెప్పు. రోజూ పొద్దున జెండా ఎక్కేటప్పుడు ఆ పిల్ల వెనక వరసలోకి జరిగిపోతుంది.

లీల

నగరి
8 జూన్ 2025

చిరంజీవి లీలకు మామ దీవెనలు.

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాను. నా కోపాన్ని మరిచిపో. ఫోటో చూశాను. ఆ పిల్ల ఫోటో తీసేవాడి నోటి వంకే చూస్తోంది. అది చాలు నాకు, నమ్మడానికి.

నువ్వు చేసిన ఇంకో ఘనకార్యం చెబుతాను. "గొంతు బాగాలేదు" అని నేనాడిన అబద్ధానికి మీ అత్త నన్ను బస్సెక్కించి తిరుపతి తీసుకుపోయింది. గొంతుకు, చెవికి ఒకడే డాక్టరు ఉంటాడని నాకేం తెలుసు? నోట్లో టార్చి వేసి చూసి ఏదో అన్నాడు. వయసు అడిగాడనుకుని "అరవై ఒకటి" అన్నాను. "గొంతు కోయిల మాదిరి ఉంది" అన్నాడట ఆయన. తర్వాత టార్చి చెవిలో పెట్టాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నావని అడిగాడట వెనకటికొకడు. నేనూ వాడూ ఒక ఊరివాళ్ళమే. మీ అత్త తిరుగు బస్సులో పుత్తూరు దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తర్వాత చేయి పట్టుకుంది. "ఎన్నాళ్ళుగా?" అని సైగ చేసింది. పదేళ్ళు అన్నాను. చెవి మిషన్ ఇచ్చారు, బీరువాలో మీ అత్త పట్టుచీర పక్కన మర్యాదగా ఉంది. నన్ను తొందర పెట్టవద్దు.

ఆ పిల్లకు చెప్పు. అందరి నోళ్ళూ చూడకూడదు, తలొక తీరుగా తెరుస్తారు, తికమక అవుతుంది. ఒక్క మనిషిని ఎంచుకోవాలి. పెదవులు కాదు, గడ్డం కింద గొంతు చూడాలి. పెదవి కదలక ముందే గొంతు కదులుతుంది. ఇది నేను ఎవరికీ చెప్పని సంగతి. పదేళ్ళుగా నేను పాడింది మునస్వామిని చూసి. వాడు జెండా తాడు పట్టుకుని నాకు ఎదురుగా నిలబడతాడు, వాడి గొంతు ఆగితే నేను ఆగుతాను. జనవరిలో వాడు కూతురి ఊరు శ్రీకాళహస్తి పోయాడు. అదీ జరిగింది.

ఇంకొకటి. పాటకు ఒకప్పుడు అడుగులుండేవని రాశావు కదా. ఆ అడుగులు నేర్పించు. మగ్గంలో పోగు తెగితే నాకు చెవి చెప్పదు, అరికాలు చెబుతుంది. నేల అదురు మారుతుంది. పాట ఎంత పొడవుందో కాళ్ళకు తెలిస్తే చాలు.

ఆ పాట అర్థం మీ అత్తకు చదివి వినిపించాను. జనం మీద ఎండ కాయాలని పాడతారా అని నవ్వింది. మే నెలలో నగరికి వచ్చి చూడమను, ఆ పాట ఎవడూ పాడడు.

మామ

త్రాషిగాంగ్
6 జూలై 2025

మామకు,

ఈసారి నీ ఉత్తరం పది రోజులకే అందింది. నువ్వు చెప్పినట్టే చేశాం. పాత అడుగులు పూర్తిగా తెలిసినవాళ్ళు ఇక్కడ దొరకలేదు. జోంఖా మాస్టారు తనకు తెలిసిన జానపద అడుగులు పాట నిడివికి కూర్చి ఇచ్చారు. సాయంత్రాలు బడి వరండాలో చెక్క నేల మీద దేచెన్, నేను, మాస్టారు. నేను ఆడుతుంటే చూడాలి నువ్వు, యాక్ బర్రె మేలు. రెండు వారాలకు పిల్లకు కాళ్ళలో పాట పట్టింది. ఉదయం వరసలో కదలకూడదు కదా, అక్కడ కాళ్ళు నిలిపేసి లోపల లెక్క నడుపుతుంది. ఎదురుగా మాస్టారిని నిలబెట్టాం, ఆయన గొంతు చూడమని.

గురువారం, జూలై మూడున, అందరితో పాటు మొదలుపెట్టింది. అందరితో పాటు ఆగింది. ఒక్క క్షణం అటూ ఇటూ లేదు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ గమనించను కూడా లేదు, అదే గదా కావలసింది! తర్వాత నా దగ్గరికొచ్చి, "మీ మామకు నా కృతజ్ఞతలు రాయండి" అంది. ఆ తర్వాత ఒక ప్రశ్న అడిగింది. "నేను మాస్టారిని చూసి పాడుతున్నాను. మీ మామ ఇప్పుడు ఎవరిని చూసి పాడుతున్నారు?"

రాసి కనుక్కుంటానన్నాను మామా, మా మామ పాడడం మానేశాడని మాత్రం చెప్పలేదు. ఆగస్టు పదిహేనుకు ముందు నిలబడవద్దులే. వెనక, చివరి వరసలో నిలబడి రా. అంతే అడుగుతున్నాను.

లీల

నగరి
17 ఆగస్టు 2025

చిరంజీవి లీలకు, మీ దేచెన్‌కు మామ దీవెనలు.

పోయాను. ఆ పిల్ల ప్రశ్న ఇరవై రోజులు నిద్ర పట్టనివ్వలేదు. మీ అత్త ఇస్త్రీ చేసిన పంచె ఇచ్చింది. ఎక్కడికి అని అడగలేదు, తెలుసు. అందరూ చేరాక పోయి గోడ పక్కన చివరన నిలబడ్డాను.

నలభై ఏళ్ళలో మొదటిసారి మన వాళ్ళను వెనక నుంచి చూశాను. ముందు నిలబడేవాడికి వెనక ఏం జరుగుతుందో ఎట్లా తెలుస్తుంది? మునస్వామి తాడు లాగాడు, జెండా విప్పుకుంది, పూలు రాలాయి. స్టెల్లా టీచర్ పిల్లలు పాడడం మొదలుపెట్టారు. స్పీకరు మోగుతోందని వాళ్ళ నోళ్ళను బట్టి తెలిసింది. కానీ మన ముసలి నేతగాళ్ళు ఇరవై మందీ, మొదట ఒక్కడూ నోరు తెరవలేదు. తలలు అటూ ఇటూ తిప్పుతున్నారు. ఒకడి మొహం ఒకడు చూసుకుంటున్నారు. కొందరు మధ్యలో అందుకున్నారు, కొందరు మధ్యలో ఆపేశారు. అప్పుడు నా బుర్రకు తట్టింది లీలా. వాళ్ళెవరికీ వినబడదు. నాతోపాటు అదే షెడ్లలో, అదే రొదలో నలభై ఏళ్ళు పనిచేసిన వాళ్ళు, ఒక్క నా చెవులే ఎందుకు పోతాయి?

మునస్వామి తాడు దగ్గర నుంచి నన్ను చూశాడు. మగ్గం ఆపమనే సైగ చేసి, రమ్మని చేయి ఊపాడు. పోయాను. "ఏందప్పా, ఆడ గోడకు ఆనుకోనుండావు? జనవరిలో ఈడ నేను లేకపోతినని అలిగినావా? నువ్వు ముందర లేకుంటే మేము పాట యాడ నిలపాల?" అన్నాడు. నేను నిజం చెప్పేశాను, పదేళ్ళుగా నీ గొంతు చూసే ఆపుతున్నాను రా అని. వాడు నన్ను అట్లే చూసి, "నా గొంతా? నేను నిన్ను సూసి కదా పాడేది!" అన్నాడు.

ఇద్దరు చెవిటివాళ్ళం ఒకరినొకరు చూసుకుంటూ సాగదీస్తే, వెనక ఇరవై మంది చెవిటివాళ్ళు నన్ను చూసి సాగదీశారు. బడిపిల్లలు రాకముందు ఆ సంగతి చెప్పేవాళ్ళెవరు? జనవరిలో నేనొక్కణ్ణే మిగిలిపోయాననుకున్నాను. మిగలలేదట. స్టెల్లా టీచర్ చెప్పింది, నా వెనక ఇరవై మందీ నాతోపాటే పాడుతూనే ఉన్నారట. నేను వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి పోయాను, అంతే. ఏడు నెలలు.

మళ్ళీ పాడదాం అన్నది స్టెల్లా టీచరే. రవిచంద్రతో స్పీకరు తీయించింది. పిల్లల వైపు తిరిగి ఏదో చెప్పింది. నేను ముందు నిలబడ్డాను. ఎత్తుకున్నాను. ఇరవై మందీ ఎత్తుకున్నారు. మాకు తెలిసినట్టే, మా నిడివి ప్రకారమే పాడాం. పిల్లలు ముందే ముగించి ఉంటారు. కానీ ఒక్కరూ నవ్వలేదు, కదలలేదు. చేతులు పక్కలకు పెట్టుకుని, మాలో చివరివాడి నోరు మూతపడేదాకా అట్లాగే నిలబడ్డారు. టీచర్ వాళ్ళకు చెప్పింది అదేనట. "తాతలు ఆగినప్పుడే పాట ఆగినట్టు."

ఆ పిల్లకు చెప్పు, మీ మామ ఎవరిని చూసి పాడుతున్నాడో. ఇరవై మందిని. అది అడిగినందుకు నేను జీవితమంతా రుణపడి ఉంటాను. నీకు ఏం చెప్పాలో నాకు రాదు. మీ అమ్మ ఉంటే నిన్ను చూసి ఎంత మురిసేదో, అంతా నేనే మురుస్తున్నాను.

నిన్న పొద్దున బీరువా తెరిచి ఆ మిషన్ చెవికి పెట్టుకున్నాను. లోకం ఇంత గోల చేస్తుందని మరిచిపోయాను. మీ అత్త గొంతు మునుపటి కంటే కొంచెం బొంగురు పోయింది. మాట చెవిన పెట్టననుకుని పదేళ్ళు నాతో అరిచి అరిచి అయి ఉంటుంది. నీ గొంతు ఎట్లా మారిందో నాకు తెలియదు.

ఈ ఉత్తరం అందిన రోజే ఫోన్ చెయ్యి. నేనే ఎత్తుతాను.

మామ